మొదటి బిందెలో ఉన్నవి ఏ నీళ్లు? విశాఖ అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

నేను ఇక్కడి షిప్‌యార్డులో 34 ఏళ్లు పైపు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మర్రిపాలెంలో ఇరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. కొన్నేళ్లుగా మా సంఘంలో సంపు, మోటారు, ట్యాంకుల సంగతి నేనే చూసుకుంటున్నాను. మిమ్మల్ని ఒక్క పని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. మీ భవనంలోని పైపుల్లో ఎన్ని లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయో ఒక ఆదివారం కూర్చుని లెక్క కట్టించండి. ఆ అంకెను పంపు గది గోడ మీద పెయింటుతో రాయించండి. టేపు, కాగితం, పెన్ను ఉంటే చాలు, ఖర్చు లేని పని.

ఇంత చిన్న పనికి ఇంత పెద్ద లేఖ ఎందుకో చెప్పాలంటే, మా వాచ్‌మెన్ కూతురి సంగతి చెప్పాలి.

రెండేళ్ల కిందట వానల్లో మా సంపు గోడ పగిలి పక్కనున్న మురుగు కాలువ నీళ్లు లోపలికి ఊరాయి. రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. వాసన వస్తోందని మూడో అంతస్తు వాళ్లు చెప్పాక మోటారు ఆపేశాం, సంపు తోడించాం, గోడకు ప్లాస్టరింగ్ చేయించాం. ట్యాంకులు కడిగే మనుషుల్ని పిలిచాం. వాళ్లు సంపు, పైన ట్యాంకు శుభ్రంగా రుద్ది, బ్లీచింగ్ కలిపి, పది వేల లీటర్లూ నింపి, ఆ రాత్రి అలాగే ఉంచి, తెల్లారి అంతా వదిలేసి, కొత్త నీళ్లు ఎక్కించారు. నేను దగ్గరుండి చూశాను. ట్యాంకు అడుగు అద్దంలా కనిపించింది. కిందికి దిగి వచ్చి, వాచ్‌మెన్ భార్యతో నేనే చెప్పాను: "అమ్మా, ఇక భయం లేదు, పట్టుకుని తాగండి" అని.

ఆమె కొళాయి తిప్పి బిందె పెట్టింది. ఆ బిందె నీళ్లే ఆ రోజు పిల్ల తాగింది. మర్నాటికి వాంతులు, విరేచనాలు. మూడు రోజులు సెలైను ఎక్కించాల్సి వచ్చింది. నీళ్ల వల్లే అని డాక్టరు చెప్పారు. పిల్ల కోలుకుంది, ఇప్పుడు ఐదో తరగతి చదువుతోంది. కానీ ట్యాంకు అంత శుభ్రంగా ఉన్నాక ఆ బిందెలోకి మురుగు ఎలా వచ్చిందన్న టెన్షన్‌తో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టార్చిలైటు పట్టుకుని, వాచ్‌మెన్ గది కొళాయి దగ్గర మొదలుపెట్టి, పైపు వెంబడే వెనక్కి నడిచాను. వెనక డక్టులోంచి, అంటే పైపులు దిగే సందులోంచి, తీసిన అరంగుళం పైపు అది. ప్రహరీ గోడ పొడవునా పారి, జనరేటరు గది చుట్టూ తిరిగి, గదికి చేరుతుంది. టేపు పెడితే 38 మీటర్లు వచ్చింది. ఆ పైపులో నిలిచే నీళ్లు నాలుగు లీటర్ల ముప్పావు.

అంటే ట్యాంకు కడిగినంతసేపూ, బ్లీచింగ్ వేసినంతసేపూ, ఆ పైపులో పాత నీళ్లు కదలకుండా ఉన్నాయి. సప్లై ఆపేశాం కాబట్టి కదిలే దారి లేదు. తిరిగి ఇచ్చాక మొదట బయటికి వచ్చింది అవే. ఆమె పట్టిన పది లీటర్ల బిందెలో దాదాపు సగం ఈ ఒక్క పైపులోవే, మేం కడగక ముందటి నీళ్లు. కొన్ని బకెట్ల నీళ్లు పారబోసి ఆ తర్వాత పట్టుకోమని చెప్పి ఉంటే సరిపోయేది. 34 ఏళ్లు పైపుల్లో నీళ్ల లెక్కలు కట్టినవాణ్ని నేను. ఆ రోజు ఆ మాట చెప్పలేదు.

లెక్క చాలా సులువు, ఇక్కడే చెబుతాను. పైపు వ్యాసం అంగుళాల్లో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని సగం చేయండి. మీటరు పొడవు పైపులో అన్ని లీటర్ల నీళ్లు ఉంటాయి. అంగుళం పైపు అయితే ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి, అందులో సగం, మీటరుకి అర లీటరు. రెండంగుళాలు అయితే నాలుగు, అందులో సగం రెండు లీటర్లు. నాలుగంగుళాలు అయితే పదహారు, అందులో సగం ఎనిమిది లీటర్లు. అరంగుళం అయితే పావు, అందులో సగం, 125 మిల్లీలీటర్లు. వాచ్‌మెన్ గది పైపుకి 38 మీటర్లను 125తో గుణించాను, అంతే.

ఇది గాలిలోంచి పుట్టిన చిట్కా కాదని తెలియడానికి కారణం కూడా చెబుతాను. అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు. దాని వర్గం 6.45. గుండ్రని దాని వైశాల్యం కావాలంటే 0.785తో గుణించాలి, 5.07 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మీటరు పొడవుకి 507 ఘనపు సెంటీమీటర్లు, అంటే అర లీటరు మీద ఏడు మిల్లీలీటర్లు. నూటికి ఒకటిన్నర కూడా తేడా లేదు. మేం యార్డులో చేరిన కొత్తలో మా మేస్త్రీ దీన్నే పాత కొలతల్లో నేర్పారు: అంగుళాల వర్గం ఎంతో, గజం పైపులో అన్ని పౌండ్ల నీళ్లు, పదితో భాగిస్తే గాలన్లు. ఓడలో పైపులు బిగించాక నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి లీకులు చూడాలి. ఎన్ని నీళ్లు కావాలి, టెస్టు అయ్యాక వాటిని ఎక్కడికి వదలాలి అన్నది ముందే చెప్పలేనివాణ్ని ఆయన ఫిట్టరనేవారు కాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. సైజు రెండింతలైతే నీళ్లు రెండింతలు అనుకుంటారు. నాలుగింతలవుతాయి. రెండు అరంగుళం పైపులు కలిస్తే ఒక అంగుళం పైపుకి సమానం కాదు, నాలుగు కావాలి. ప్లంబరు "ఎందుకైనా మంచిది, ఒక సైజు పెద్దది వేద్దాం సార్" అన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. టెర్రస్ మీది సోలార్ హీటరు నుంచి గ్రౌండ్ ఫ్లోరు బాత్రూముకి 25 మీటర్లు ముప్పావు అంగుళం పైపు వేస్తే అందులో ఏడు లీటర్లు చల్లారి ఉంటాయి. అంగుళం వేస్తే పన్నెండున్నర. రోజూ పొద్దున్న వేడి నీళ్లు వచ్చేదాకా కాలవలోకి పోయేవి అవే.

ఇక మా భవనం లెక్క చెబుతాను, మీది దీనికి దగ్గరగానే ఉంటుంది. పార్కింగు మీద ఐదు అంతస్తులు, అంతస్తుకి నాలుగు ఫ్లాట్లు. టెర్రస్ మీద ట్యాంకు నీళ్లని డౌన్ లైన్లకి పంచే లూప్ లైను రెండున్నర అంగుళాలది, 30 మీటర్లు. అందులో 94 లీటర్లు. డక్టుల్లో కిందికి దిగే డౌన్ లైన్లు ఎనిమిది, అంగుళంపావువి, ఒక్కొక్కటి 16 మీటర్లు. అన్నీ కలిపి 100 లీటర్లు. సంపు నుంచి ట్యాంకుకి ఎక్కే మోటారు లైను అంగుళంన్నర, 25 మీటర్లు. అందులో 28 లీటర్లు. ఇక ఇళ్లల్లో గోడల లోపల తిరిగే ముప్పావు అంగుళం పైపు, వంటిల్లు, బాత్రూములు అన్నీ కలిపి ఫ్లాటుకి సుమారు 40 మీటర్లు. ఒక్కో ఇంట్లో పదకొండు లీటర్ల పావు. ఇరవై ఇళ్లకి 225 లీటర్లు.

ఈ చివరి అంకె చూసి నేనే ఆశ్చర్యపోయాను. టెర్రస్ మీద తొడంత లావున కనిపించే పైపులో 94 లీటర్లే ఉన్నాయి. గోడల్లో కనిపించకుండా పోయే సన్నపైపుల్లో దానికి రెండింతలకు మించి ఉన్నాయి. వాచ్‌మెన్ లైనుతో కలిపి మొత్తం 452 లీటర్లు. అందులో సగం ఇళ్ల లోపలే. అంటే సంఘం వాళ్లు టెర్రస్ మీద ఎంత కష్టపడినా సగం నీళ్లకి వాళ్ల చెయ్యి చేరదు. ఇరవై ఇళ్లల్లో ఇరవైమంది కొళాయి తిప్పితే తప్ప ఆ పని పూర్తి కాదు. ట్యాంకు క్లీనింగ్ అంటే కూలీలకు డబ్బులిచ్చి వదిలేసే పని అనుకున్నంత కాలం మనకి ఇది తెలియదు.

ఆ పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ మొత్తం చేశాం, ఈసారి లెక్క చేతిలో పెట్టుకుని. కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఇదే.

మొదటిసారి పది వేల లీటర్లు బ్లీచింగ్ నీళ్లు చేసి పారబోశాం. అవసరం లేదు. పైపుల్లో పట్టేవి 452 లీటర్లు. ట్యాంకు గోడల్ని ఎటూ బ్రష్‌తో రుద్దుతాం. కాబట్టి ట్యాంకులోకి వెయ్యి లీటర్లు ఎక్కిస్తే పైపులన్నీ రెండుసార్లు నింపడానికి సరిపడా ఉన్నట్టు. పైపులు నిండాక కూడా ట్యాంకు అవుట్‌లెట్ మునిగే ఉంటుంది, గాలి దూరదు. ఆ నీళ్లని సంపులోనే కలిపాం. ట్యాంకులో కలిపితే మోటారు లైనులోని 28 లీటర్లు మళ్లీ పాతవే మిగిలిపోతాయి. సంపులో కలిపి మోటారుతో ఎక్కిస్తే ఆ లైను కూడా దారిలోనే శుద్ధి అయిపోతుంది. సంపులో కొంత మిగలాలి కాబట్టి 1,200 లీటర్లు పెట్టాం.

పౌడరు ఎంత అన్నదానికీ లెక్క ఉంది. ఇలాంటి పనికి లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ పెడతారు. మంచి బ్లీచింగ్ పౌడరులో పని చేసే క్లోరిన్ పాతిక శాతం పైన ఉంటుంది. పాతిక అనే లెక్క వేసుకుంటే వెయ్యి లీటర్లకి 200 గ్రాములు, 1,200 లీటర్లకి 240 గ్రాములు. మన సముద్రపు గాలి తేమకి మూట విప్పిన పౌడరు త్వరగా సారం పోతుంది, కాబట్టి అప్పుడే విప్పిన ప్యాకెట్టు వాడండి. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్లే సంపులో పోయాలి. చేతులకి గ్లవ్స్ ఉండాలి. బాత్రూములు కడిగే యాసిడ్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే వచ్చే గ్యాసు ప్రాణం తీస్తుంది. ఈ మాట పనివాళ్లకి మీరే స్వయంగా చెప్పండి.

ముందు రోజే అందరికీ తాగడానికి, వంటకి నీళ్లు పట్టి పెట్టుకోమని చెప్పాం. ఫిల్టర్లకి, గీజర్లకి వెళ్లే వాల్వులు కట్టేయించాం. సాయంత్రం ఏడింటికి ఐదో అంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ ఒక్కో ఇంట్లో కొళాయిలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిప్పించాం. బ్లీచింగ్ వాసన వచ్చేదాకా ఉంచి, రాగానే కట్టేయాలి. ఇంట్లో పదకొండు లీటర్లే కాబట్టి ఇరవై లీటర్ల బకెట్టు నిండేలోపు వాసన రావాలి. చివరగా వాచ్‌మెన్ గది కొళాయి. రాత్రంతా అలాగే ఉంచాం. పొద్దున్న మంచినీళ్లు ఎక్కించి, మళ్లీ అదే వరసలో, వాసన పూర్తిగా పోయేదాకా వదిలాం. రెండో రోజు వదిలినవి కూడా పైపులకి రెండు రెట్లే, తొమ్మిది వందల లీటర్ల చిల్లర. వాటితో పార్కింగు కడుక్కున్నాం, ఫ్లష్ ట్యాంకులు నింపుకున్నాం. మొక్కలకి మాత్రం పోయనివ్వలేదు. మొత్తం రెండు వేల లీటర్ల పైచిలుకుతో పని అయిపోయింది. పది వేల లీటర్లతో కానిది.

లెక్క చేతిలో ఉండటం వల్ల ఇంకొకటి బయటపడింది. రెండో అంతస్తులో ఒక వంటింట్లో రెండు బకెట్లు నిండినా వాసన రాలేదు. లైను వెతికితే, ఆ కొళాయి ట్యాంకు లైనులోంచి కాకుండా బోరు నీళ్ల లైనులోంచి వస్తోంది. ఎప్పుడో రిపేరులో ప్లంబరు ఒకదాని బదులు ఇంకొకటి కలిపేశాడు. ఆ ఇంట్లో నాలుగేళ్లు బోరు నీళ్లతో అన్నం వండుకున్నారు. పదకొండు అన్న అంకె మాకు తెలియకపోతే, "ఇంకాసేపు వదలండి, వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లం.

తాళం వేసి ఉన్న ఫ్లాట్లు వేరే సమస్య. మా దగ్గర ఒకటి ఉంది, వాళ్లు అమెరికాలో ఉంటారు. వాళ్ల పదకొండు లీటర్లు ఏడాది నుంచి గోడలోనే ఉన్నాయి. డక్టులో వాళ్ల వాల్వు కట్టేసి, తలుపు మీద కాగితం అంటించాం: వచ్చిన రోజు ప్రతి కొళాయీ ఒక బకెట్టు వదలండి, తర్వాతే వాడండి అని. గీజరు సంగతి కూడా మర్చిపోవద్దు. పదిహేను లీటర్ల గీజరులో, ఆ ఇంటి పైపులన్నిటి కన్నా ఎక్కువ నీళ్లుంటాయి. పైపులో కొత్త నీళ్లు పాతవాటిని ముందుకు తోసేస్తాయి, గీజరులో మాత్రం కలిసిపోతాయి. అందుకే వేడి కొళాయి కింద గీజరు సైజుకి మూడు రెట్లు వదలాలి, రెండు బకెట్ల పైమాట.

లెక్కలో ఒక జాగ్రత్త. పైపు మీద రాసిన సైజు దాని లోపలి కొలత కాకపోవచ్చు. ముప్పావు అంగుళం సి.పి.వి.సి. ప్లాస్టిక్ పైపు లోపల సుమారు 18 మిల్లీమీటర్లే ఉంటుంది, నా లెక్క పదో వంతు ఎక్కువ చూపిస్తుంది. శుద్ధి చేసే పనికి ఎక్కువ చూపడం మంచిదే. పాత జి.ఐ. పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు, దీనికి తిరగేసి ఉంటుంది. అంగుళం అని పిలిచే మీడియం పైపు లోపల సుమారు 27 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో లెక్క కన్నా ఎక్కువ పడతాయి. అయితే అది కొత్త పైపు మాట.

జి.ఐ. అన్నాం కాబట్టి, సీతమ్మధార వైపు, మహారాణిపేట వైపు ఉన్న పాత అపార్ట్‌మెంట్ల వాళ్లకి ఒక మాట. మీకు ఈ లెక్క తిరగేసి పనికొస్తుంది. మా బావమరిది ఉండే భవనంలో మూడో అంతస్తుకి నీళ్లు సన్నంగా వస్తున్నాయని మోటారు మార్చాలనుకున్నారు. నేను వెళ్లి, పైన వాల్వు కట్టి, పై కొళాయి తెరిచి గాలి పోనిచ్చి, కింద కొళాయి దగ్గర బకెట్టు పెట్టి, 12 మీటర్ల అంగుళం లైనులోని నీళ్లన్నీ దింపాను. ఏడు లీటర్ల దాకా రావాలి. మూడున్నర వచ్చాయి. అంటే పైపు లోపల సగం జాగా తుప్పు, గార కలిసి తినేశాయి. 27 మిల్లీమీటర్ల రంధ్రం 19కి పడిపోయింది. నీళ్ల ధార అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. పైపులు మార్చారు, పాత మోటారే చక్కగా పని చేస్తోంది. గోడ పగలగొట్టకుండా, ఒక బకెట్టుతో పైపు లోపల ఏముందో చూడొచ్చని చాలామందికి తెలియదు.

సొంత నుయ్యి, పైన మోటారు ఉన్నవాళ్లకి కూడా ఇదే. మోటారు నీళ్లు లాగకపోతే ప్రైమింగ్ చేస్తాం, పై నుంచి నీళ్లు పోస్తాం. అంగుళంపావు పైపు ఆరు మీటర్లు ఉంటే ఐదు లీటర్ల లోపే పట్టాలి. ఒక బకెట్టు పోసినా ఇంకా తాగుతోందంటే పైపు అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే ఫుట్ వాల్వు పట్టడం లేదని అర్థం. ఇంకో బకెట్టు పోసినా ఉపయోగం లేదు, వాల్వు తీయించాల్సిందే.

ఇప్పుడు ఇంకో విషయం, ఇది నన్ను ఎక్కువ భయపెట్టేది. ప్రతి అంతస్తులో ఎర్ర పెట్టెలో ఫైర్ హోస్ ఉంటుంది. సాధారణంగా 63 మిల్లీమీటర్లది, రెండున్నర అంగుళాలు, 15 మీటర్ల చుట్టలు రెండు. మీలో ఎవరైనా దాన్ని నీళ్లతో ఎత్తి చూశారా? ఖాళీగా ఉన్నప్పుడు చంకలో పెట్టుకుని నడిచేయొచ్చు. నీళ్లు నిండితే ఒక్కో చుట్టలో 47 లీటర్లు, అంటే 47 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు రెండు. రెండు చుట్టలు కలిపితే నాలుగు బస్తాలు. అరవై ఏళ్ల వాచ్‌మెన్ దాన్ని మెట్ల మీదుగా లాక్కుపోతాడని మనం ఎలా అనుకుంటున్నాం? వాల్వు తిప్పకముందే హోస్ మొత్తం పరిచేయాలి, పట్టుకోవడానికి ఇద్దరు ఉండాలి. దాని పక్కనే డ్రమ్ముకి చుట్టి ఉండే సన్న రబ్బరు గొట్టం, హోస్ రీల్, వేరు. ముప్పావు అంగుళం, 30 మీటర్లకి ఎనిమిదిన్నర లీటర్లే. అది ఒక్కరే లాగగలరు. ఇంట్లో ఉండే ఆడవాళ్లకి, పెద్ద పిల్లలకి నేర్పాల్సింది ఆ రీల్ వాడటం. దయచేసి ఒక ఆదివారం పూట అందరి చేతా ఒకసారి విప్పించండి.

ఆ హోసులకి నీళ్లు తెచ్చే ఎర్ర పైపు నిండుగా ఉందో ఖాళీగా ఉందో కూడా చూడండి. నాలుగంగుళాల పైపు 18 మీటర్లు అంటే 144 లీటర్లు. ఎక్కడో కారుతోందని ఎవరో టెర్రస్ మీద వాల్వు కట్టేసి మర్చిపోతారు. పైపు మెల్లగా ఖాళీ అవుతుంది. అవసరం వచ్చిన రోజు వాల్వు తెరిచి, నిమిషానికి 450 లీటర్లు ఇచ్చే పంపు నడిపినా, ముందు ఆ 144, తర్వాత హోసుల్లో 94 నిండాలి. అర నిమిషం నాజిల్‌లోంచి గాలి తప్ప ఏమీ రాదు. మంట ముందు నిలబడ్డవాడికి అర నిమిషం ఎంత పొడుగో వేరే చెప్పనక్కర్లేదు. చాలామంది అప్పుడు పైపు పని చేయడం లేదనుకుని వదిలేసి పరిగెడతారు.

వేసవిలో ట్యాంకరు తెప్పించుకునేవాళ్లు ఒకటి గమనించండి. మూడంగుళాల హోస్ 20 మీటర్లు ఉంటే అందులో 90 లీటర్లు ఉంటాయి. ట్యాంకరు ఖాళీ కాగానే కుర్రాడు హోస్ పీకి రోడ్డు మీద పడేస్తాడు. ఆ తొంభై లీటర్లకీ మనం డబ్బులిచ్చాం. ట్యాంకరు వైపు కొసను భుజం మీదికి ఎత్తి సంపు వైపు నడుచుకుంటూ వస్తే అన్నీ సంపులోనే పడతాయి. ఒక్క నిమిషం పని. కుర్రాడికి మర్యాదగా చెబితే చేస్తాడు.

హుద్‌హుద్ తుపాను రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, 2014 అక్టోబరు 12. ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రోజుకి మా ట్యాంకు ఎండిపోయింది. పై అంతస్తుల్లో కొళాయి తిప్పితే గాలి చప్పుడు. నీళ్లైపోయాయని అందరూ చేతులెత్తేశారు. కానీ డౌన్ లైన్ల కింది భాగంలో నీళ్లు ఇంకా ఉన్నాయి. పై కొళాయిలకి అందవు, అట్టడుగు కొళాయిలకి అందుతాయి. పై ఇళ్లవాళ్లందరినీ కిందికి పిలిచి, గ్రౌండ్ ఫ్లోరు కొళాయిల దగ్గర లైను కట్టించాం. ఇంటికి కొన్ని చెంబుల నీళ్లు వచ్చాయి. ఒక చెంబు నీళ్లు ఆ రోజు ఎంత విలువైనవో ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు.

చివరగా, కార్పొరేషన్ నీళ్ల విషయంలో ఓపిక గురించి ఒక మాట. మనకి నీళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి: తాటిపూడి, రైవాడ, మేఘాద్రి గెడ్డ, ఏలేరు కాలువ. ఎక్కడో పెద్ద పైపు పగులుతుంది, రిపేరు పూర్తయింది అంటారు, అయినా సాయంత్రానికి కూడా నీళ్లు రావు. మనం లైన్‌మన్ మీద అరుస్తాం. ఒక మీటరు వ్యాసం ఉన్న పైపు తీసుకోండి. మీటరు పొడవుకి 785 లీటర్లు. కిలోమీటరుకి ఏడు లక్షల 85 వేల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున లెక్కేస్తే, అది 5,800 మంది ఒక రోజు వాడుకునే నీళ్లు. రిపేరు కోసం ఖాళీ చేసిన పైపు అంతా ముందు నిండాలి, గాలి బయటికి పోవాలి, మొదట కదిలిన మట్టి దిగాలి. వాళ్లు తొందరపడి తెరిస్తే మళ్లీ పగులుతుంది. కాబట్టి రిపేరు తర్వాత మొదటి సప్లైని సంపులోకి పోనివ్వకుండా, రోడ్డు మీది కనెక్షన్ నుంచి మీ సంపు దాకా ఉన్న పైపులో ఎన్ని లీటర్లు పడతాయో అన్ని బయటికి వదిలి, నీళ్లు తేటగా వచ్చాక సంపుకి తిప్పుకోండి. అంగుళం పైపు 20 మీటర్లు అయితే పది లీటర్లు, ఒక బిందె. ఇంకా బురదగా వస్తే ఆ బురద మీ పైపుది కాదు, మెయిన్‌లోంచి వస్తోంది. తేట అయ్యేదాకా ఆగండి.

ఈ లెక్క మీలో ఎవరైనా చేయగలరు. ప్లంబరు అక్కర్లేదు, ఇంట్లో ఏడో తరగతి చదివే పిల్లలున్నా టేపు ఇచ్చి పంపండి, సంతోషంగా చేస్తారు. డక్టుల్లోకి మాత్రం పిల్లల్ని దింపొద్దు. డౌన్ లైను పొడవు అంతస్తుల ఎత్తుని బట్టి చెప్పేయొచ్చు. గోడల్లో పైపులు కనిపించవు కాబట్టి కొళాయి నుంచి కొళాయికి గోడ వెంట కొలవండి. కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు.

మా పంపు గది గోడ మీద నీలం పెయింటుతో ఇలా రాసి ఉంది: లూప్ 94, డౌన్ లైన్లు 100, మోటారు లైను 28, ఇంటికి 11, వాచ్‌మెన్ గది 5. ఆ ఐదు కింద ఒక గీత గీశాం. ట్యాంకు కడిగిన ప్రతిసారీ ఆ గది కొళాయి కింద బకెట్టు పెట్టి, అది నిండాక పారబోసి, ఆ తర్వాతే వాళ్లని బిందె పెట్టమంటున్నాం. పోయిన నెల కడిగినప్పుడు బకెట్టు పెట్టింది ఆ పిల్లే.

మర్రిపాలెం చుట్టుపక్కల ఎవరికైనా మొదటిసారి కొలవడానికి తోడు కావాలంటే, ఆదివారాలు పొద్దున్నపూట నేను వస్తాను. టేపు నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పైపు ఫిట్టరు,
మర్రిపాలెం, విశాఖపట్నం